డాలీగంజ్‌లో అడుగులూ, మీటర్లూ

అండమాన్ దీవులనగానే మనకు ముందుగా స్ఫురించేవి సెల్యులర్ జైలు, స్వరాజ్ ద్వీపంలోని రాధానగర్ సముద్రతీరం, పగడపు దిబ్బలు. వాటిని గురించి వ్రాసినవారు అనేకులు. మేము ఇక్కడ వ్రాయబూనినది, యాత్రికులెవరూ ప్రత్యేకించి చూడబోని డాలీగంజ్ అనే పేటను గురించి. ఇది పోర్ట్ బ్లెయిర్‌లో, అనగా 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చబడిన నగరంలో ఉన్నది. ఎల్.టి.సి. సౌకర్యాన్ని వినియోగించుకొని కుటుంబాలతో సహా అండమాన్ వెళ్ళిన మేము, మిత్రుడొకరి మేనమామగారి ఆహ్వానం మీద నాలుగు రోజులు డాలీగంజ్‌లోనే బస చేశాము. ఆ నాలుగు రోజులలో మమ్మల్ని వదలక వెంటాడిన విషయం కొలతలు. కిలోమీటరు, మైలు, కిలో, వీశె, మీటరు, అడుగు, సెల్సియస్, ఫారన్‌హీట్: ఇవన్నీ ఒకే ఇంటి కప్పు కింద కాపురం చేయడం అక్కడ చూసినంత స్పష్టంగా మేము మరెక్కడా చూడలేదు.

ఆకాశంలో అడుగులు, నేల మీద మీటర్లు

చెన్నై నుండి విమానం బయలుదేరిన కొద్దిసేపటికి, మనం 35 వేల అడుగుల ఎత్తున ప్రయాణిస్తున్నామని ప్రకటన వినవచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉష్ణోగ్రత 29 డిగ్రీల సెల్సియస్ ఉన్నదని కూడా ఆ ప్రకటనలోనే చెప్పారు. మాతో వచ్చిన పిల్లలలో ఏడవ తరగతి చదివే చిన్నవాడు వెంటనే అడిగాడు: "35 వేల అడుగులంటే ఎన్ని కిలోమీటర్లు?" పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు అని లెక్క వేసి చెప్పేసరికి పెద్దలమందరం కాగితాలు వెతుక్కోవలసి వచ్చింది. ప్రపంచంలో అత్యధిక దేశాలలో విమానం ఎత్తును నేటికీ అడుగుల్లోనే చెబుతారు. అదే విమానం దిగే నేల మాత్రం మీటర్లలో ఉంటుంది. వీర సావర్కర్ విమానాశ్రయం రన్‌వే పొడవు సుమారు 3,290 మీటర్లు.

సముద్రం మీద ప్రయాణించేవారికి మూడవ కొలత ఒకటి ఉన్నది. విశాఖపట్నం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు దూరం సుమారు 1,200 కిలోమీటర్లని మనం చదువుకుంటాము. ఓడ నడిపేవారి లెక్కలో అది దాదాపు 650 నాటికల్ మైళ్ళు. గంటకు 12 నాటికల్ మైళ్ళు పోయే ఓడకు 54 గంటల ప్రయాణం. ఈ మైలు మన పాత రహదారి మైలు కాదు. రహదారి మైలు 1,609 మీటర్లయితే ఇది 1,852 మీటర్లు. భూగోళం మీద అక్షాంశంలో ఒక నిమిషం దూరమే ఒక నాటికల్ మైలు. పోర్ట్ బ్లెయిర్ ఉత్తర అక్షాంశం సుమారు 11 డిగ్రీల 40 నిమిషాలు. అండమాన్ దీవులను నికోబార్ దీవుల నుండి వేరుచేసే జలసంధి పదవ డిగ్రీ అక్షాంశం మీద ఉండడం వల్లనే దానికి 'టెన్ డిగ్రీ ఛానల్' అని పేరు వచ్చింది. మధ్య తేడా ఒక డిగ్రీ 40 నిమిషాలు, అనగా 100 నిమిషాలు. కనుక ఆ అక్షాంశం చేరడానికి నేరుగా దక్షిణానికి సరిగా 100 నాటికల్ మైళ్ళు పోవాలి. పటం చూసి నోటిలెక్కతో దూరం చెప్పగల ఇంత చక్కని ఏర్పాటు ఉన్నందువల్లనే కాబోలు, దశాంశ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించినా నావికులు తమ మైలును విడువలేదు. మన దేశ ప్రాదేశిక జలాల హద్దును 12 నాటికల్ మైళ్ళుగా, ప్రత్యేక ఆర్థిక మండలాన్ని 200 నాటికల్ మైళ్ళుగా చెప్పిన చట్టం 1976 నాటిది. తూనికలు, కొలతల ప్రమాణాలను మెట్రిక్ పద్ధతిలో మరింత కట్టుదిట్టం చేసిన చట్టం కూడా 1976 నాటిదే కావడం విశేషం.

డాలీగంజ్ పేట

విమానాశ్రయానికి ఎంతో దూరం లేని డాలీగంజ్, గారాచర్మ వైపు పోయే దారిలో ఎత్తుపల్లాల నేల మీద విస్తరించిన పేట. ఒకవైపు పారిశ్రామిక వాడ, మరొకవైపు జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి కేంద్రం, మధ్య మధ్య కొబ్బరి, పోక చెట్ల నడుమ రేకుల కప్పుల ఇళ్ళు, ఇటీవల లేచిన కాంక్రీటు మేడలు. కూడలిలో నిలబడి పది నిమిషాలు చెవి ఒగ్గితే బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం వినవస్తాయి. ఎవరితో ఎవరు మాట్లాడినా చివరకు అందరినీ కలిపేది అక్కడి హిందీ. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వెళ్ళిన కుటుంబాలు ఎక్కువ. చేపల వేట, కట్టడం పనులు, చిన్న వ్యాపారాలు, ప్రభుత్వోద్యోగాలు వీరి జీవనాధారాలు.

మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన శ్రీకాకుళం జిల్లా నుండి యౌవనంలోనే ఓడెక్కి వచ్చిన వడ్రంగి. ఇప్పుడు పని మానుకున్నా, చొక్కా జేబులో ఉక్కు టేపు మాత్రం ఉండవలసిందే. ఆ టేపుకు ఒక అంచున అంగుళాలు, రెండవ అంచున సెంటీమీటర్లు. "నాను పై అంచు సూత్తాను బాబూ, మా మనవడు కింద అంచు సూత్తాడు. ఇద్దరం కొలిసేది ఒకే సెక్క" అన్నారాయన నవ్వుతూ. ఆ ఇంట్లో మూడు తరాలు, మూడు కొలతలు. పెద్దమ్మగారు వీశెలూ తవ్వలూ చెబుతారు. పెద్దాయన అడుగులూ అంగుళాలూ చెబుతారు. మనుమడు గ్రాములూ మిల్లీమీటర్లూ తప్ప మరొకటి ఎరుగడు.

ఎవరి ఇంటిదీ కాని తూకం

అంగడిలో మాత్రం ఆ ముగ్గురికీ భేదం లేదు. బియ్యం కిలోల్లో, నూనె లీటర్లలో, చేపలు కిలోల్లో. కూరగాయలు పావుకిలో, అరకిలో అని అడుగుతారు. ఆ పావు, అర మాత్రం పాత అలవాటు. ఇది సహజమే కదా అనిపించవచ్చు. కాని అండమాన్ చరిత్ర తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు.

1858లో ఇక్కడ శిక్షావాసం ఏర్పడిన నాటి నుండి ఉత్తర హిందూస్థానం, బెంగాల్, మద్రాసు, బర్మా ప్రాంతాల ఖైదీలు వచ్చి చేరారు. శిక్ష ముగిసిన తరువాత ఇక్కడనే స్థిరపడినవారు అనేకులు. వారి వెంట వారి తూకాలు కూడా మనసులో ఉండే వచ్చాయి. బెంగాల్ వారికి శేరంటే 80 తులాలు, అనగా ఇప్పటి లెక్కలో సుమారు 933 గ్రాములు. మద్రాసు రాజధాని తూకంలో శేరంటే 24 తులాలు, సుమారు 280 గ్రాములు మాత్రమే. పేరొకటే, బరువులో మూడింతలకు పైబడిన తేడా! మన తెలుగు వారి వీశె 120 తులాలు, దాదాపు 1,400 గ్రాములు. బర్మా వారికి కూడా వీశె అనే తూకమే ఉన్నది. అయితే అది 1,630 గ్రాములకు పైగా తూగుతుంది. ఒకరు వీశె అడిగితే మరొకరు ఇచ్చేది ఏ వీశె?

స్వదేశంలో కూడా పరిస్థితి ఇంతకన్న మెరుగు కాదు. మన జిల్లాలలో ధాన్యం కొలిచేందుకు సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము, పుట్టి ఉండేవి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, ఇరవై తూములు పుట్టి అని పిల్లలు ఎక్కాలతోపాటు వల్లె వేసేవారు. లెక్క అందరికీ ఒకటే. కొలపాత్ర మాత్రం ఊరూరికీ మారేది. అప్పు ఇచ్చేటప్పుడు ఒక కుంచం, వసూలు చేసేటప్పుడు మరొక కుంచం వాడే ఆసాములను గురించి మన పెద్దలు చెప్పిన కథలు మనం వినియే ఉన్నాము. కొలత తెలియనివాడు కాక, కొలపాత్ర చేతిలో లేనివాడు నష్టపోయిన కాలమది.

స్వతంత్ర భారత ప్రభుత్వం దీనిని సంస్కరింప బూనినప్పుడు ముందుగా నాణేలు మారాయి. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి పదహారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చాయి. 1956లో చేసిన తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం ప్రకారం 1958 అక్టోబరు 1న మెట్రిక్ తూకాలు ప్రవేశించి, అంచెలంచెలుగా 1960ల తొలి సంవత్సరాలలో దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. నేడు అమలులో ఉన్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. అది 2011 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

డాలీగంజ్ అంగడిలో నిలబడి చూస్తే ఈ సంస్కరణ విలువ బోధపడుతుంది. కిలోగ్రాము బెంగాలీ వారిది కాదు, తమిళులది కాదు, తెలుగు వారిది కాదు. అది ఎవరి పూర్వుల ఇంటి నుండీ వచ్చినది కాదు గనుకనే, ఎవరూ నొచ్చుకోకుండా అందరిదీ అయింది. పలు ప్రాంతాల వారు కలిసి బ్రతకవలసిన చోట ఇటువంటి ఉమ్మడి వస్తువు ఒకటి అవసరం. మన పారిశ్రామిక పట్టణాలలో నివసించే ఉద్యోగ కుటుంబాలకు ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు.

ద్వారబంధం కథ

అంగడి దాటి ఇంటి గోడల దగ్గరకు వస్తే పరిస్థితి వేరు. అక్కడ నేటికీ అడుగుదే రాజ్యం. గది 'పది బై పన్నెండు'. కప్పు రేకు పదడుగులు. ప్లైవుడ్ పలక ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దాని మందం మాత్రం మిల్లీమీటర్లలో. నీటి గొట్టం అరంగుళం, ముప్పాతిక అంగుళం. ఇనుప కడ్డీ ఎనిమిది, పన్నెండు మిల్లీమీటర్లు. ఒకప్పుడు ఆ కడ్డీని కూడా 'మూడు సూతులు, నాలుగు సూతులు' అనేవారు. అంగుళంలో ఎనిమిదవ వంతు సూతు. సర్కారు కాగితాలలో స్థలం చదరపు మీటర్లు, హెక్టార్లు. మాటల్లో మాత్రం మన వారికి గజాలు, సెంట్లు. నలభై చదరపు మీటర్లంటే సుమారు ఒక సెంటు అని చెబితే తప్ప పెద్దమ్మగారికి పెరడు ఎంతో తెలియదు.

కలపకు కూడా రెండు లెక్కలు. 1883లో స్థాపించబడిన చాతం రంపపు మిల్లు ఆసియాలోనే పురాతనమైన వాటిలో ఒకటి. అక్కడి పడాక్ కలప పేరు వినని వడ్రంగి ఉండడు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాలు వెలువడిన తరువాత అడవి నరికివేత బాగా తగ్గి, మిల్లు పని కూడా తగ్గింది. కలప కాగితం మీద ఘనపు మీటరు. వడ్రంగి నోట ఘనపుటడుగు. ఒక ఘనపు మీటరుకు 35 ఘనపుటడుగుల పైచిలుకు.

ఈ రెండు లెక్కల మధ్య ఏమి జరుగుతుందో పెద్దాయన చెప్పిన ఒక ఉదంతం మాకు మరపురానిది. చాలా ఏళ్ళ క్రితం ఒక గృహస్థు ఇంటికి ఆయన పడాక్ కలపతో సింహద్వారం చేశారట. అలవాటు ప్రకారం ఎత్తు ఏడడుగులు, వెడల్పు మూడడుగులు. తాపీమేస్త్రి ప్లాను చూసి గోడలో వదిలిన సందు 2.1 మీటర్ల ఎత్తు, 0.9 మీటర్ల వెడల్పు. ఏడడుగులంటే 2 మీటర్ల 13 సెంటీమీటర్లు. మూడడుగులంటే 91 సెంటీమీటర్ల పైమాట. ముహూర్తం దగ్గర పడుతుండగా ద్వారబంధం ఎత్తి నిలబెడితే గోడలో పట్టలేదు.

"ఎంత తేడా అనుకున్నావు బాబూ? అంగుళం మీద మూడో వంతు. మేస్త్రి లెక్క రైటే, నా లెక్కా రైటే. పంతులుగారు గడియారం సూత్తన్నారు, ఇంటావిడ కళ్ళనీళ్ళు ఎట్టుకుంది. కర్ర కొయ్యడానికి నా సెయ్యి రాలేదు. గోడే సెక్కాం" అన్నారు పెద్దాయన.

ముహూర్తం వేళకు ద్వారం నిలిచింది. ఆనాటి నుండి పని ఒప్పుకోగానే, "మాట అడుగుల్లోనా, మీటర్లలోనా?" అని ముందుగా అడగడం ఆయనకు నియమమైంది. ఇద్దరి లెక్కా సరియైనదే అయి ఉండి కూడా పని చెడవచ్చుననే సత్యాన్ని ఇంత సూటిగా మాకు ఏ శిక్షణా తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

మూడు మీటర్ల అల

మరునాడు జంగ్లీఘాట్‌కు వెళ్ళాము. చేపల రేవు అది. అక్కడి పడవల మీద తెలుగు మాట విరివిగా వినబడుతుంది. మన వేటగాళ్ళకు లోతు కొలిచే సాధనం సొంత ఒళ్ళే. రెండు చేతులూ బారజాపితే ఒక బార, సుమారు ఆరడుగులు. తాడుకు బరువు కట్టి నీటిలో విడిచి, పైకి లాగేటప్పుడు బారలు లెక్కించేవారు. ఆంగ్లేయ నావికుల 'ఫాథమ్' కూడా సరిగా ఇదే కొలత. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ రేవును సర్వే చేసిన కాలంలో నావికుల పటాల మీద లోతులు ఫాథమ్‌లలోనే ఉండేవి. ఏ దేశపు మనిషి చేతులు చాచినా దాదాపు అంతే కదా!

ఇప్పుడు వారి చేతి ఫోనుకు వచ్చే సముద్ర సమాచారం మీటర్లలో ఉంటుంది. అలల ఎత్తును ముందుగా తెలిపే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోనే ఉన్నది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ దీవులలో చేసిన విధ్వంసం అందరికీ తెలిసినదే. నికోబార్ దక్షిణపు కొనన ఉన్న ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. ఆ తరువాత 2007 నుండి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా హైదరాబాదులోని ఆ సంస్థలోనే పనిచేస్తున్నది.

హెచ్చరిక రావడం ఒక ఎత్తు. అది మనసుకు తగలడం మరొక ఎత్తు. మాతో మాట్లాడిన నడివయసు మత్స్యకారుని, "అల మూడు మీటర్లు అని వస్తే మీకు వెంటనే తెలుస్తుందా?" అని అడిగాము. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "మా నాయనకైతే తెలీదండి. మూడంటే సిన్న అంకె కదా అనుకుంటాడు. నాను మాత్రం బార మీద ఇంకో ముప్పాతిక ఏసుకుంటాను. మా ఇంటి సూరు దాటతాది. ఆ రోజు పడవ తియ్యను" అన్నారు. మూడు మీటర్లంటే దాదాపు పదడుగులు, ఒక బారా అరకు పైగా. ఆయన ముప్పాతిక వేసుకోవడంలో కొంత అధికం ఉన్నది. సముద్రం విషయంలో అధికంగా లెక్క వేసుకున్నవాడే ఇంటికి వస్తాడు. అంకె చిన్నదిగా కనబడినంత మాత్రాన అపాయం చిన్నది కాదు. కొలతను అనువదించుకోగల శక్తి ఆయన ప్రాణానికి రక్ష.

ముప్పై తొమ్మిది డిగ్రీల జ్వరం

ఆ రాత్రి భోజనాల తరువాత పెద్దమ్మగారు తమ ఇంట జరిగిన విషయం ఒకటి చెప్పారు. రెండేళ్ళ క్రితం వానాకాలంలో మనుమరాలికి ఒళ్ళు కాలిపోతున్నది. డాలీగంజ్‌లో వాన అంటే మాటలు కాదు. ఈ దీవులలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు, అనగా దాదాపు 120 అంగుళాల వర్షం. కొడుకు, కోడలు పనుల మీద ఉన్నారు. కొత్తగా కొన్న మీటల థర్మామీటరు చంకలో పెడితే 39.4 అని చూపింది.

"నాకు తెలిసిన జొరం నూట ఒకటి, నూట రెండు. తొంబై ఎనిమిది దాటితే జొరం. ఇది ముప్పై తొమ్మిదంటే ఒళ్ళు సల్లబడిపోతందనుకున్నాను. దుప్పటి కప్పీసి, ఇంకో దుప్పటి కప్పీసాను తల్లీ" అని ఆమె మాతో వచ్చిన స్త్రీలతో చెప్పారు. పావుగంటలో కోడలు ఇల్లు చేరింది. అంకె చూసి, దుప్పట్లు తీసివేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, పిల్లను డాక్టరుకు చూపింది. పిల్ల కోలుకున్నది. 39.4 డిగ్రీల సెల్సియస్ అంటే ఫారన్‌హీటులో దాదాపు 103. ఆ రోజు కోడలు రావడానికి పావుగంటకు బదులు మూడు గంటలు పట్టి ఉంటే ఏమయ్యేదోనని చెబుతూ పెద్దమ్మగారు కొంతసేపు మౌనం వహించారు.

ఆమెకు చదువు లేకపోవడం కాదు ఇక్కడ సమస్య. ముగ్గురు పిల్లలను పెంచిన అనుభవం ఆమెకున్నది. ఆ అనుభవమంతా ఫారన్‌హీటులో ఉన్నది. పరికరం సెల్సియస్‌లో మాట్లాడింది. మన ఇళ్ళలో ఎంతమంది పెద్దలు ఒంటరిగా పసిపిల్లలను చూసుకుంటున్నారో ఆలోచిస్తే ఈ విషయం తీవ్రత తెలుస్తుంది. చాలా మీటల థర్మామీటర్లలో ఒక కొలత నుండి రెండవ దానికి మార్చుకునే సదుపాయం ఉంటుంది. ఇంటిలో అధికులకు తెలిసిన కొలతలో దానిని ఉంచడం క్షణం పని. మందు విషయంలో కూడా అంతే. 'చెంచాడు' అన్నప్పుడు ఏ చెంచా అన్న సందేహానికి తావు లేకుండా, సీసాతో వచ్చే మిల్లీలీటర్ల గీతలున్న మూతనే వాడవలసి ఉన్నది.

ముప్పై పౌన్ల నూనె

అండమాన్ వెళ్ళి సెల్యులర్ జైలు చూడకుండా రాలేము. 1896లో ప్రారంభమై 1906లో పూర్తయిన ఆ కట్టడపు ఏడు విభాగాలలో మూడే నేడు మిగిలి ఉన్నాయి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగు వీరులను కూడా బంధించిన చోటు అది. కొట్టు ఒక్కొక్కటి సుమారు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల పైచిలుకు వెడల్పు. అక్కడ గానుగ తిప్పిన ఖైదీల స్మృతులలో వచ్చే అంకె ఒకటి మమ్మల్ని కదిలించింది. రోజుకు ముప్పై పౌన్ల కొబ్బరి నూనె ఆడాలి. తగ్గితే దండన.

మాతో ఉన్న పిల్లలకు పౌను అంటే తెలియదు. పదమూడున్నర కిలోలు అని చెప్పగా ఒక పాప, "మన వంటింట్లో లీటరు నూనె ప్యాకెట్లు పదిహేను!" అన్నది. ఒక లీటరు కొబ్బరి నూనె కిలోకన్న కొంచెం తక్కువ తూగుతుంది గనుక ఆ పాప లెక్క ఇంచుమించు సరియైనదే. అంతవరకు గోడల కేసి చూస్తూ నడిచిన పిల్లలు ఆ మాటతో గానుగ ముందు ఆగిపోయారు. పుస్తకంలోని పౌను వారికి అక్షరంగానే ఉన్నది. వంటింటి ప్యాకెట్టుగా మారిన తరువాత అది బరువైంది. పాత కొలతలు తెలియకపోతే పాతవారి కష్టం కూడా మనకు పూర్తిగా తెలియదని అక్కడ మాకు అనిపించింది.

పెద్దలకూ తప్పని తిప్పలు

కొలతల మధ్య పొత్తు కుదరకపోవడం వడ్రంగికో, వృద్ధురాలికో పరిమితమైనది కాదు. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానం ఆకాశంలో ఉండగానే ఇంధనం పూర్తిగా అయిపోయింది. 22,300 కిలోల ఇంధనం అవసరం కాగా, లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు కిలోల లెక్కకు బదులు పౌన్ల లెక్క వాడారు. ఉండవలసిన దానిలో సగం కూడా లేదు. పైలట్ల నైపుణ్యం వల్ల గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో ఇంజన్లు లేకుండానే దిగి, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. 1999 సెప్టెంబరులో అమెరికా వారి అంగారక వాతావరణ పరిశోధక నౌక నాశనమైన కారణం కూడా ఇదే. ఒక బృందం పౌన్లలో ఇచ్చిన బలపు లెక్కను మరొక బృందం న్యూటన్లుగా భావించింది.

మన కర్మాగారాలలోని సోదర ఉద్యోగులకు ఇది నిత్యానుభవమే. పాత యంత్రాల మీద అంగుళాల మరలు, కొత్త యంత్రాల మీద మిల్లీమీటర్ల మరలు. అరంగుళం నట్టు, పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు చూపుకు ఒకటిగానే ఉంటాయి, తేడా 0.7 మిల్లీమీటరు. ఒకటి రెండు చుట్లు ఎక్కినట్లే కనిపించవచ్చు. మర దూరం వేరు గనుక బరువు పడినప్పుడు జారవచ్చు. పీడనం చూపే గడియారంలో ఒకదాని మీద చదరపు అంగుళానికి పౌన్లు, మరొకదాని మీద చదరపు సెంటీమీటరుకు కిలోలు ఉండవచ్చు. ఒక కిలో దాదాపు 14.2 పౌన్లకు సమానం. అంకెతోపాటు దాని కొలత పేరు కూడా చదవడం, వ్రాయడం, షిఫ్టు మారేటప్పుడు నోటితో చెప్పడం మన భద్రతా సూత్రాలలో చేరవలసిన అలవాటు.

ఇంటిల్లిపాదికీ నాలుగు లెక్కలు

పాఠకుల సౌకర్యార్థం మేము డాలీగంజ్ ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లలకు నేర్పిన సులువులు కొన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాము. సెల్సియస్‌ను రెట్టింపు చేసి, వచ్చినదానిలో పదవ వంతు తీసివేసి, 32 కలిపితే ఫారన్‌హీటు వస్తుంది. ఎనిమిది కిలోమీటర్లు ఐదు మైళ్ళు. కిలోలను రెట్టింపు చేసి పదవ వంతు కలిపితే పౌన్లు. మీటరంటే మూడడుగుల మూడంగుళాల పైచిలుకు. హెక్టారు సుమారు రెండున్నర ఎకరాలు. పూర్వపు తులం 11.66 గ్రాములు, ఇప్పుడు బంగారు కొట్లలో తులం అంటే పది గ్రాములుగా వాడుకలో ఉన్నది గనుక, పాత నగల లెక్క చూసేటప్పుడు ఏ తులమో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక భాష విషయం. దారి పక్కన రాతి మీద కిలోమీటర్లు ఉన్నా అది మనకు మైలురాయే. లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పినా అది బండి మైలేజీయే. మల్లెపూలు మూరల్లోనే కొంటాము. పొట్ట జానెడే. దుఃఖం పుట్టెడే. నచ్చని మనిషికి ఆమడ దూరమే. కుంచం కనబడకుండా పోయినా, కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు అనే సామెత పోలేదు. చట్టం అంగడి నుండి తొలగించిన కొలతలను భాష తన ఇంటిలో ఉంచుకున్నది. మీటరు వచ్చి మూరను వెళ్ళగొట్టనక్కరలేదు. న్యాయం జరగవలసిన చోట, ప్రాణం కాపాడవలసిన చోట అందరికీ ఒకే కొలత ఉండాలి. మనసు చెప్పుకునే చోట ఎవరి మూర వారికి ఉండవచ్చు.

అండమాన్ వెళ్ళే మన సంస్థ కుటుంబాలు సముద్ర తీరాలను, దీవులను తప్పక దర్శించాలి. వీలైతే ఒక పూట డాలీగంజ్ కూడలిలో కూడా ఆగి, అక్కడి అంగడిలో అరకిలో అరటిపళ్ళు కొనండి. నాలుగు భాషల నోళ్ళు ఒకే తూకాన్ని నమ్మి బేరమాడుకోవడం చూడవచ్చు.